స్టిక్కరు ఒకటి చెబుతుంది, మరలు ఇంకొకటి చెబుతాయి

పాత రేసింగ్ సైకిల్ ఫ్రేము ఒకటి బల్ల మీద తలకిందులుగా పెట్టి ఉందనుకుందాం. ముందు గొట్టం మీద ఇంగ్లిష్ కంపెనీ బ్యాడ్జి. సీటు గొట్టం మీద గొట్టాల ఉక్కు రకం చెప్పే "రేనాల్డ్స్ 531" స్టిక్కరు. గొట్టాలు కలిసే చోట వంపులు తిరిగిన ఫ్రెంచి లగ్గులు, అంటే గొట్టాల చివర్లు దూరే తొడుగులు. వెనక చక్రం ఇరుసు కూర్చునే డ్రాపౌట్ల మీద కాంపన్యోలో పేరు, అంటే ఇటలీ సరుకు. పెడల్ ఇరుసును పట్టుకునే కప్పు మీద "36×24" అని ముద్ర. ఫోర్కు మాత్రం మిగతా ఒంటికంటే ఓ పాలు ఎక్కువగా మెరుస్తోంది. అమ్మినాయన 1960ల నాటిదన్నాడు. కానీ నీళ్ల సీసా బిగించుకోవడానికి రెండు గొట్టాల మీదా మర రంధ్రాలున్నాయి.

చూసినవాళ్ల మొదటి మాట "ఇది నాలుగు బళ్లు కలిపి అతికించింది" అని. రెండో మాట ధర తగ్గించమని. రెండూ తొందరపాటే. ఇందులో పొంతన లేనట్టు కనిపించే వాటిలో సగం అసలు పొంతన లేనివే కావు. మిగతా సగంలో కూడా ఒక్కోదానికి ఒక్కో బరువు. స్టిక్కరు మార్చడానికి పది నిమిషాలు చాలు. రంగు మార్చడానికి వారం. గేరు మార్చడానికి ఒక స్పానర్. గొట్టం మార్చాలంటే మాత్రం నిప్పు పెట్టాలి. మార్చడం ఎంత కష్టమో, ఆ వివరం చెప్పే సాక్ష్యాన్ని అంత నమ్మాలి. చాలామంది సరిగ్గా దీన్ని తిరగేసి, పైన కనిపించే పేరుతో మొదలుపెట్టి కింద కనిపించని మరల దగ్గర ఆగిపోతారు.

ముందు దొంగ అనుమానాల సంగతి చూద్దాం. ఇల్లు కట్టే మేస్త్రీ ఇటుకలు కాల్చడు, కిటికీ ఊచలు పోత పోయడు. ఫ్రేము కట్టేవాడూ అంతే. గొట్టాలు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచో (రేనాల్డ్స్), ఇటలీలోని మిలాన్ నుంచో (కొలంబస్) వస్తాయి. లగ్గులు నెర్వెక్స్, ప్రూన్యా, బొకామా లాంటి ఫ్రెంచి కంపెనీలవి. డ్రాపౌట్లు విచెంజాలోని కాంపన్యోలో నుంచి. ఇవన్నీ పెట్టెల్లో తెచ్చుకుని, కోసి, రాకి, ఇత్తడో వెండో కరిగించి అతికించడమే ఫ్రేము కట్టేవాడి పని. కాబట్టి ఇంగ్లిష్ బ్యాడ్జి, ఫ్రెంచి లగ్గు, ఇటలీ డ్రాపౌటు ఒకే ఫ్రేములో ఉండటం కల్తీ కాదు, ఆ రోజుల్లో అది మంచి ఫ్రేముకు గుర్తు. అమెరికాలో ష్విన్ కంపెనీ చేసిన పారమౌంట్‌కీ, ఫ్రాన్స్‌లో ప్యూజో చేసిన పీఎక్స్-10కీ కూడా అవే వంపుల నెర్వెక్స్ లగ్గులు కనిపిస్తాయి. దేశాలు కలవడాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు.

పేరు కూడా అంతే. 1972 అక్టోబరు 25న మెక్సికో నగరంలో బెల్జియం రేసర్ ఎడీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టిన సైకిల్‌ను కట్టింది ఎర్నెస్టో కొల్నాగో. బరువు ఆరు కిలోలకు లోపు. దాని మీద వేసిన పేరు మాత్రం విండ్సర్, ఒక మెక్సికో కంపెనీది. సైకిల్ చరిత్రలో అంత పేరున్న బండి మీదే రాసిన పేరు ఒకరిది, కట్టిన చేయి ఇంకొకరిది. ఆ తర్వాత ఏళ్లలో మొల్తెని జట్టులో మెర్క్స్ తొక్కిన, ఆయన పేరే రాసి ఉన్న ఫ్రేముల్ని ఊగో డి రోజా కట్టేవాడు. పేరున్న రేసర్‌కు నచ్చిన మేస్త్రీ ఒకడుంటాడు, డబ్బులిచ్చే కంపెనీ వేరే ఉంటుంది. రంగు డబ్బులిచ్చినవాడిది, కొలతలు మేస్త్రీవి. అందుకే లగ్గు కోసిన తీరు, సీటు వెనక గొట్టాల చివర్లు మూసిన తీరు చూసి "ఇది ఆ కంపెనీ పని కాదే" అని అనుమానం వస్తే, దాని అర్థం నకిలీ అనే కాదు. అసలైనదానికంటే అసలైనది కావచ్చు.

దీనికి తిరగేసిన కథ ఇంగ్లిష్ సైకిల్ కంపెనీ రాలీది. ఎరుపు, నలుపు, పసుపు రంగుల్లో టీఐ-రాలీ జట్టు 1970ల్లో యూరప్ రోడ్లను ఏలింది. 1980లో యోప్ జూటెమెల్క్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది ఆ జట్టులోనే. జట్టు ఫ్రేములు డార్బీషైర్‌లోని ఇల్కెస్టన్‌లో ఒక చిన్న ప్రత్యేక వర్క్‌షాపులో తయారయ్యేవి. 1974లో మొదలైన ఆ వర్క్‌షాపును జెరాల్డ్ ఓడొనవన్ నడిపాడు. అదే రంగుల్లో, దాదాపు అవే స్టిక్కర్లతో రాలీ మామూలు జనానికి కూడా కేటలాగు సైకిళ్లు అమ్మింది. రంగు చూస్తే రెండూ కవలలే. తేడా కింద ఉంటుంది. ఇల్కెస్టన్ ఫ్రేము అడుగున కొట్టిన నంబరు "ఎస్‌బీ" అనే అక్షరాలతో మొదలవుతుంది. ఆ అక్షరాలు లేకుండా జట్టు రంగు మాత్రమే ఉంటే, అది అభిమాని కొనుక్కున్న బండి. అందులో తప్పేమీ లేదు, ధర చెప్పేటప్పుడు తప్ప.

ఈ టీఐ అనే రెండక్షరాలు మనకు పరాయివి కావు. ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే బ్రిటిష్ సంస్థ అది. రేనాల్డ్స్ 1928లోనే దాని గొడుగు కిందికి వెళ్లింది, రాలీ 1960లో వచ్చి చేరింది. అదే సంస్థతో కలిసి మురుగప్ప కుటుంబం 1949లో మద్రాసులో పెట్టిందే టీఐ సైకిల్స్. మన ఊళ్లలో పాలక్యాన్లు మోసిన హెర్క్యులిస్‌కీ, జూటెమెల్క్ పారిస్‌లోకి తొక్కుకొచ్చిన రాలీకీ అలా చుట్టరికం ఉంది. ఇక టీఐ మనకు అమ్మిన ఇంకో పేరు బీఎస్ఏ. ఈ బీఎస్ఏ అన్న మాటే మళ్లీ ఫ్రేము అడుగున ఎదురవుతుంది.

పెడల్ ఇరుసు తిరిగే అడ్డ గొట్టాన్ని బాటమ్ బ్రాకెట్ షెల్ అంటారు. దాని లోపల కోసిన మరలే ఫ్రేము పుట్టిన దేశాన్ని అందరికంటే గట్టిగా చెబుతాయి. ఇంగ్లిష్ మరను బీఎస్ఏ మర అనే పిలుస్తారు. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అనే తుపాకుల కంపెనీ పేరు అది, సైకిళ్లూ చేసింది. ఆ మర వ్యాసం 1.37 అంగుళాలు, అంటే 34.8 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 మరలు. షెల్ వెడల్పు 68 మిల్లీమీటర్లు. ఫ్రెంచిది 35 మిల్లీమీటర్లు, మర మరకు ఒక మిల్లీమీటరు, వెడల్పు అదే 68. ఇటలీది 36 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 మరలు, వెడల్పు 70. ఇంకో తేడా తిరిగే దిక్కుది. ఇంగ్లిష్ షెల్‌లో చైన్ వైపు కప్పుకు రివర్స్ థ్రెడ్డు ఉంటుంది. మన సైకిల్ షాపులో ఎడమ పెడల్‌కు ఉన్నట్టే, మామూలుగా విప్పే వైపు తిప్పితే బిగుస్తుంది. ఇటలీ, ఫ్రెంచి షెల్స్‌లో రెండు వైపులా మామూలు మరే. తొక్కుతున్నకొద్దీ ఇటలీ బండికి చైన్ వైపు కప్పు వదులవుతుందన్న ఫిర్యాదు అందుకే పాతది.

ఇప్పుడు బల్ల మీది ఫ్రేముకు వద్దాం. కప్పు మీద 36×24 అని ఉంది, కాబట్టి మర ఇటలీది. ఇక్కడ చాలామంది "ఇటలీ ఫ్రేముకు ఇంగ్లిష్ బ్యాడ్జి అంటించారు" అని తేల్చేస్తారు. తేల్చే ముందు వెర్నియర్ తీసి షెల్ వెడల్పు కొలవాలి. డెబ్బై వస్తే ఇటలీ అనుమానానికి బలముంది. అరవై ఎనిమిదే వస్తే కథ వేరు. ఇటలీలో పుట్టిన షెల్ 68 ఉండటానికి సాధారణంగా కారణం లేదు. కానీ ఇంగ్లిష్ షెల్‌లో 36 మర ఉండటానికి మంచి కారణమే ఉంది. ఎవరో కప్పును తప్పు దిక్కుకు తిప్పో, తుప్పు పట్టినదాన్ని బలవంతంగా లాగో లోపలి మరలు చెడగొట్టుకున్నారు. చెడిన మరను తిరిగి కోయాలంటే పాతదానికంటే పెద్ద వ్యాసం కావాలి. 34.8 కంటే, 35 కంటే 36 పెద్దది. అందుకే మెకానిక్‌లు చెడిపోయిన ఇంగ్లిష్, ఫ్రెంచి షెల్స్‌ను ఇటలీ కొలతకు మళ్లీ కోసి బతికిస్తారు. వెడల్పును మాత్రం పెంచలేరు. 36 మర, 68 వెడల్పు అంటే ఆ ఫ్రేము ఇటలీలో పుట్టలేదు, రిపేరు టేబుల్ మీద ఇటలీకి మారింది. చైన్ వైపు కప్పు తీశాక లోపల టార్చి వేస్తే ఒక్కోసారి కొత్త మరల మొదట్లో పాత ఎదురు మరల ఆనవాళ్లు సన్నటి గీతల్లా కనిపిస్తాయి. రెండు మిల్లీమీటర్ల తేడా ఒక దేశాన్ని మార్చేస్తుంది.

తర్వాత గొట్టాల లెక్క. ఇది స్టిక్కరుకు పెట్టే పరీక్ష. రేనాల్డ్స్ 531 అన్నది 1935లో వచ్చిన మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు. దాని ప్రత్యేకత ఉక్కులో ఎంతుందో, గొట్టం మందాన్ని చివర్లలో ఉంచి నడుమ తగ్గించడంలో అంతే ఉంది. అలాంటి గొట్టాన్ని బటెడ్ అంటారు. ఇంగ్లిష్ కొలతలో సీటు గొట్టం బయటి వ్యాసం 28.6 మిల్లీమీటర్లు, పై గొట్టం 25.4. ఫ్రెంచి కొలతలో సీటు గొట్టం 28, పై గొట్టం 26. రంగు పొర కాస్త కలిసినా, పై గొట్టం కొలిస్తే ఏ కుటుంబమో తెలిసిపోతుంది. ఇక లోపలి కొలత. సీటు రాడ్డు దిగే చోట పలచని 531 గొట్టం గోడ 0.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 28.6లో రెండు గోడలు తీసేస్తే 27.4. కొంచెం సందు వదిలితే 27.2 రాడ్డు దిగాలి. ఫ్రెంచి గొట్టంలో అదే లెక్క 26.6 దగ్గర తేలుతుంది. ఇంగ్లిష్ బయటి కొలత ఉండి, లోపల 26.8 కంటే లావు రాడ్డు దిగకపోతే గోడ మందంగా ఉందన్నమాట. "531 బటెడ్" స్టిక్కరు ఏదో మంచి ఫ్రేము మీద నుంచి వచ్చి ఉండాలి, లేదా తరవాత కొని అంటించి ఉండాలి. పాత స్టిక్కర్లకు కొత్త ప్రింట్లు ఇప్పుడు దండిగా దొరుకుతాయి.

ఇక్కడొక జాగ్రత్త. ప్రస్తుతం ఏ రాడ్డు ఉందన్నది లెక్క కాదు, గొట్టం లోపల ఎంతుందన్నదే లెక్క. చిన్న రాడ్డు వేసి బోల్టు పీడించి బిగించే అలవాటు ప్రపంచమంతా ఉంది. సీటు లగ్గు వెనక బోల్టు పట్టే రెండు చెవులూ ఒకదానికొకటి దగ్గరగా వంగి, మధ్య చీలిక కింద వెడల్పుగా పైన ఇరుకుగా ఉంటే, లోపల ఎప్పుడో చిన్న రాడ్డు ఉండేదని అర్థం. నీట్‌గా ఉన్న లగ్గు చీలిక రెండు పక్కలా సమాంతరంగా ఉంటుంది.

753 స్టిక్కరుంటే ఇంకో పరీక్ష కలుస్తుంది. 1970ల నడిమిలో వచ్చిన 753, పాత 531 ఉక్కునే వేడి చేసి గట్టిపరిచిన రకం. గోడలు ఇంకా పలచన. వేడి ఎక్కువైతే ఆ గట్టితనం పోతుంది కాబట్టి వెండి కలిసిన, తక్కువ వేడికి కరిగే అతుకు వాడాలి. నమూనా అతికించి పంపి పరీక్ష నెగ్గిన మేస్త్రీలకే రేనాల్డ్స్ ఆ గొట్టాలు ఇచ్చేది. 753 స్టిక్కరున్న ఫ్రేములో ఏదో ముఖ్యమైన లగ్గు అంచున రంగు రాలిన చోట పచ్చగా ఇత్తడి మెరిస్తే అనుమానించాల్సిందే.

డ్రాపౌట్ల దగ్గర మాటలు త్వరగా తేలతాయి. కాంపన్యోలో డ్రాపౌట్లో గేరు బిగించే రంధ్రానికి పది మిల్లీమీటర్ల మర ఉంటుంది. సిమ్‌ప్లెక్స్ లాంటి ఫ్రెంచి డ్రాపౌట్లలో చాలావాటికి మర లేని రంధ్రం, గేరు ఆనే గంటు వేరే కోణంలో. ఇటలీ గేరు పెట్టాలన్న కోరికతో ఆ రంధ్రాన్ని మరకు కోసి, గంటును ఆకురాయితో రాకినవాళ్లు చాలామందే. అలాంటి చోట ఆకురాయి గీతలు దాచడం కష్టం. ఇక రెండు డ్రాపౌట్ల మధ్య దూరం కొలవాలి. అయిదు గేర్ల కాలంలో అది 120 మిల్లీమీటర్లు. ఆరు, ఏడు గేర్లకు 126. ఎనిమిది వచ్చాక 130. ఉక్కు ఫ్రేమును లాగి వెడల్పు చేయొచ్చు కాబట్టి 1960ల ఫ్రేముకు 126 ఉండటం వింత కాదు. లాగినవాడు డ్రాపౌట్లను తిరిగి సమాంతరం చేశాడా లేదా అన్నదే తేడా. చేయకపోతే చక్రం ఇరుసు నట్లు డ్రాపౌటు పలకకు ఒక అంచునే ఆనుతాయి, ఆ ముద్ర అర్ధచంద్రంలా పడుతుంది. బ్రేకు కూడా సాక్ష్యం ఇస్తుంది. వెనక నట్టుతో బిగించే పాత బ్రేకు రంధ్రం సన్నగా ఉంటుంది. లోపలికి దిగే అలెన్ నట్టు బ్రేకు కోసం ఆ రంధ్రాన్ని వెనక వైపు 8 మిల్లీమీటర్లకు తొలిచి ఉంటే, ఎవరో 1980ల బ్రేకులు పెట్టుకున్నారు.

అన్నిటికంటే పలచన సాక్ష్యం పరికరాలది. కాంపన్యోలో న్యూవో రికార్డ్ వెనక గేరు మీద "పేటెంట్ 74" అని ఏడాది ముద్ర ఉంటుంది. జపాన్ కంపెనీ షిమానో భాగాల మీద రెండక్షరాల గుర్తు ఉంటుంది, అందులో మొదటిది ఏడాదికి, 1976తో ఎ మొదలు. ఈ ముద్రలు ఆ భాగం ఎప్పుడు తయారైందో చెబుతాయి, ఫ్రేము గురించి ఏమీ చెప్పవు. స్పానర్‌తో వచ్చింది స్పానర్‌తో పోతుంది. అన్నీ ఒకే ఏడాదివి అయి, ఒక్క గీతా పడకుండా ఉంటే, అది ఎవరో ఓపిగ్గా ఏరి కూర్చిన సెట్టు అనుకోవడమే క్షేమం. రోజూ తొక్కిన బండిలో చైన్ చక్రం, గేరు, బ్రేకు తలా ఒక ఏడాదివి ఉంటాయి.

నీళ్ల సీసా మరల దగ్గర కొంచెం ఆగాలి. 1960ల్లో రేసింగ్ ఫ్రేములు కట్టేవాళ్లలో ఎక్కువమంది గొట్టం నడుమ ఏదీ అతికించేవారు కాదు. బటెడ్ గొట్టం పలచగా ఉండేది నడుమే, అక్కడ వేడి తగిలితే బలహీనమవుతుందన్న భయం. సీసా, గేరు లివర్లు, కేబుల్ అన్నీ క్లిప్పులతో బిగించేవారు. కింది గొట్టం మీద సీసా మరలు 1970ల నడిమి నుంచి మామూలయ్యాయి, సీటు గొట్టం మీద రెండో సీసాకు మరలు 1980ల్లో. కాబట్టి రెండు సీసాల మరలున్న 1960ల రేసింగ్ ఫ్రేము అనుమానించదగ్గదే. అలాగని అడ్డంగా కొట్టిపారేయకూడదు. పారిస్‌లో టూరింగ్ సైకిళ్లు కట్టిన రెనె ఎర్స్ లాంటివాళ్లు 1940ల్లోనే అన్నీ అతికించేశారు.

బల్ల మీది ఫ్రేములో కింది గొట్టం పైభాగాన, రంగు కింద, ఉంగరంలా ఒక చిన్న ఎత్తుపల్లం వేలికి తగులుతోంది. గేరు లివర్ల క్లిప్పు దశాబ్దాలు కొరికిన చోటు అది. లివర్లకు క్లిప్పు వాడిన మేస్త్రీ సీసాకు మాత్రం రెండు చోట్ల మరలు పెట్టి ఉంటాడా? పెట్టి ఉండడు. చాలా ఫ్రేముల్లో కింది గొట్టం పెడల్ షెల్‌లోకి తెరుచుకునే ఉంటుంది. అక్కడి నుంచి టార్చి వేసి చూస్తే సీసా మర లోపల పువ్వులా విచ్చుకున్న అంచు కనిపిస్తే అది రివెట్ నట్టు, నిప్పు లేకుండా తరవాత గుచ్చింది. సీసా మరలు కొత్తవైనా ఫ్రేము పాతదే అన్నమాట. ఈ ఒక్క చోట అమ్మినాయన నిజమే చెప్పాడు.

కాలం లెక్కకు కూడా ఒక మెలిక ఉంది. చిన్న వర్క్‌షాపుల్లో లగ్గుల పెట్టె అయిపోయేదాకా వాడేవారు. 1972లో కొన్న లగ్గులు 1978 ఫ్రేములో పడొచ్చు. అందుకే పాత భాగం ఫ్రేము పాతదని రుజువు చేయదు. పుట్టుకతో ఉన్న భాగాల్లో అన్నిటికంటే కొత్తది ఏదో, ఫ్రేము దానికంటే ముందు పుట్టలేదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. ఆ "పుట్టుకతో ఉన్న" అన్న మాట తేల్చడానికే ఈ కొలతలన్నీ.

మిగిలింది మెరిసే ఫోర్కు. ఎదురుగా దేన్నైనా గుద్దితే మొదట వంగేది అదే, కాబట్టి పాత బళ్లలో ఎక్కువగా మారేదీ అదే. ఫోర్కు మారిందా అని అడిగే ముందు ఫ్రేము గుద్దుకుందా అని అడగాలి. కింది గొట్టం అడుగు భాగాన, ముందు లగ్గు దాటిన వెంటనే, కళ్లు మూసుకుని వేలు నడిపించాలి. గుద్దిన ఫ్రేములో అక్కడ గొట్టం చర్మం ముడత పడినట్టు సన్నటి అల ఒకటి తగులుతుంది. కంటికి కనిపించకపోయినా వేలికి తెలుస్తుంది. కొత్త రంగు దాన్ని దాచలేదు, కొంచెం మెత్తబరుస్తుంది అంతే. ఇక హ్యాండిల్ కాడ లావు చూడాలి. ఇంగ్లిష్ ఫోర్కులో 22.2 మిల్లీమీటర్ల కాడ దిగుతుంది, ఫ్రెంచి ఫోర్కులో 22.0. ఇంగ్లిష్ ఫ్రేములో 22.0 మాత్రమే దిగుతుంటే ఫోర్కు ఫ్రాన్స్ నుంచి వచ్చిందనే. అప్పుడు పై నట్టు మర కూడా మిల్లీమీటర్లలో ఉంటుంది.

బల్ల మీది ఫ్రేములో 22.2 కాడే దిగింది. వేలికి అల తగల్లేదు. అయినా ఫోర్కు బయటికి లాగి చూడాలి, ఎందుకంటే చాలామంది మేస్త్రీలు ఫ్రేము అడుగున కొట్టిన నంబరునే ముందు గొట్టంలోకి దూరే ఫోర్కు స్టీరర్ గొట్టం మీద కూడా కొట్టేవారు. గ్రీజు తుడిచాక అక్కడ అవే అంకెలున్నాయి. ఫోర్కు మారలేదు. ఎప్పుడో దానికొక్కదానికే మళ్లీ క్రోమ్ వేయించారు.